టేకు ఆకు తినే పురుగు ఎక్కడి నుంచి వచ్చింది? తేల్చే జన్యు మార్కర్లు తయారు చేసుకోవడం ఎలా

తొలకరి పడ్డాక కొండపల్లి అడవిలో టేకు లేతాకు వేస్తుంది. పురుగు ఉధృతంగా ఉన్న ఏడాది ఆ ఆకు ముదరకముందే ఈనెలు మాత్రం మిగులుతాయి. చెట్టు కింద నిలబడితే వాన లేకపోయినా ఎండుటాకుల మీద టపటపమని చప్పుడు వినిపిస్తుంది. పైన మేస్తున్న గొంగళి పురుగులు వదిలే గుళికలవి. పది పన్నెండు రోజులు మేసి, దారం పట్టుకుని కిందికి దిగి, రాలిన ఆకుల మధ్య ప్యూపాలవుతాయి. నెల తిరక్కుండానే రెక్కలొచ్చి ఎగిరిపోతాయి. ఎక్కడికి పోయాయన్నది ఒక ప్రశ్న. అసలు ఎక్కడి నుంచి వచ్చాయన్నది ఇంకా పెద్ద ప్రశ్న.

పురుగు పేరు హిబ్లియా ప్యూరా. ఇది వేసవంతా అక్కడే తక్కువ సంఖ్యలో బతికి వానలకు పెరిగిందా, లేక రెక్కల పురుగులు వేరే చోటి నుంచి గుంపుగా వచ్చి గుడ్లు పెట్టాయా అన్నది తేలితే నివారణ పద్ధతే మారుతుంది. ఈ పురుగును చంపే వైరస్ ఒకటి ఉంది. కేరళలోని పీచి అటవీ పరిశోధన సంస్థ దాని మీద చాలా కాలం పనిచేసింది. ఆ మందును ఎక్కడ, ఏ వారంలో చల్లాలో తెలియాలంటే పురుగు పుట్టిల్లు తెలియాలి. రెక్కల పురుగుకు చీటీ కట్టి వదిలి వెతకలేం కాబట్టి దాని డీఎన్ఏలోనే ఉన్న గుర్తులను, అంటే మార్కర్లను, చదవాలి.

పీసీఆర్ యంత్రం (డీఎన్ఏలో ఎంచుకున్న ముక్కకు లెక్కలేనన్ని నకళ్లు తీసేది) అందుబాటులో ఉండి, జంతుశాస్త్రంలోనో వ్యవసాయ కీటకశాస్త్రంలోనో పరిశోధన మొదలుపెడుతున్న గుంటూరు, విజయవాడ విద్యార్థులను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

ముందు ప్రశ్న రాసుకోండి

“టేకు పురుగుల జన్యు వైవిధ్యం” అనేది ప్రశ్న కాదు, సిద్ధాంత గ్రంథానికి అట్ట మీద పేరు. “కొండపల్లిలో జూన్ చివర కనిపించే పురుగులు అక్కడే వేసవి గడిపిన వాటి పిల్లలా, నల్లమల వైపు నుంచి వచ్చిన వాటి పిల్లలా?” అనేది ప్రశ్న. అలా రాసుకోగానే ఏయే నమూనాలు కావాలో వాటంతట అవే తెలుస్తాయి. కొండపల్లిలో ఏప్రిల్, మే నెలల్లో దీపపు ఎరకు పడే కొద్దిపాటి పురుగులు కావాలి. జూన్ చివరి విడత, జూలై విడత వేర్వేరుగా కావాలి. నల్లమల నుంచి ఒక గుంపు, గుంటూరు వైపు కాలువ గట్ల మీది టేకు నుంచి ఒక గుంపు, పోల్చడానికి దూరాన మారేడుమిల్లి నుంచి ఒక గుంపు ఉంటే బాగుంటుంది. ఒకే చోట వేర్వేరు నెలల్లో సేకరించడాన్ని చాలామంది వదిలేస్తారు. ఈ ప్రశ్నకు అదే ఆయువుపట్టు.

రిజర్వు అడవిలో అడుగుపెట్టే ముందు అటవీ శాఖ అనుమతి పత్రం చేతిలో ఉండాలి. దరఖాస్తు ఫిబ్రవరిలోనే పెట్టండి. పురుగు మన కాగితాల కోసం ఆగదు.

ఏ మార్కర్?

ఇక్కడ చెప్పేది మైక్రోసాటిలైట్ల గురించి. డీఎన్ఏలో అక్కడక్కడా రెండు, మూడు, నాలుగు అక్షరాల ముక్క వరుసగా పదే పదే వస్తుంది. అదే చోట ఒక పురుగులో 9 సార్లు, మరొక పురుగులో 14 సార్లు ఉండవచ్చు. ఆ పొడవు తేడాయే గుర్తు. ఒక్కో పొడవును ఒక్కో అల్లీల్ అంటాం. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తాయి.

డబ్బు బాగా ఉండి, చెక్కుచెదరని డీఎన్ఏ ఉంటే డీడీరాడ్ పద్ధతిలో వేల సంఖ్యలో ఒంటి అక్షర తేడాలు ఒకేసారి చదవవచ్చు. కొత్తగా మొదలుపెట్టేవారికి నేనైతే అదే మంచిదంటాను. కానీ ఏటా కొన్ని నమూనాలు చేరుస్తూ అయిదారేళ్లు ఒకే పురుగును వెంటాడేవారికి, పాత పాడైన నమూనాలు ఉన్నవారికి, ప్రతిసారీ పెద్ద సీక్వెన్సింగ్ (డీఎన్ఏ అక్షరాలు చదివించే) ఖర్చు భరించలేనివారికి పన్నెండు, పదిహేను మంచి మైక్రోసాటిలైట్లు ఇప్పటికీ పనికొస్తాయి.

మంచివి అన్న మాటను తేలిగ్గా తీసుకోవద్దు. సీతాకోకలు, రెక్కల పురుగుల వర్గంలో మైక్రోసాటిలైట్లు పట్టడం కష్టమన్న పేరు ఎప్పటి నుంచో ఉంది. పల్నాడు పత్తి రైతును ఏడిపించిన శనగపచ్చ పురుగు ప్రయోగశాలలో మార్కర్లు వెతికినవారినీ అంతే ఏడిపించింది. ఈ వర్గంలో మైక్రోసాటిలైట్ల చుట్టుపక్కల డీఎన్ఏ తరచుగా జన్యురాశిలో (పురుగు మొత్తం డీఎన్ఏలో) ఇంకా చాలా చోట్ల అచ్చు అలాగే ఉంటుంది. ఒక చోటుకు వేసిన ప్రైమర్ (ఏ ముక్కకు నకళ్లు తీయాలో పీసీఆర్‌కు చూపే చిన్న డీఎన్ఏ తునక) పది చోట్ల అతుక్కుంటుంది. కొన్ని పురుగుల్లో అసలు అతుక్కోదు. అందుకే కింద చెప్పే పనిలో సగానికి సగం ఏరిపారేయడమే.

సేకరణ

ముందు పురుగు అదేనా అన్నది చూడండి. హిబ్లియా గొంగళి పురుగు ఆకు అంచును కొరికి మడిచి, దారంతో కుట్టుకుని, ఆ మడతలో దాక్కుంటుంది. నడి ఈనె, పెద్ద ఈనెలు తప్ప ఆకంతా తినేస్తుంది. సీజను ముదిరాక కనిపించే ఇంకో పురుగు ఈనెల మధ్య మెత్తటి భాగం మాత్రం గీరి ఆకును జల్లెడ చేస్తుంది. అది వేరే జాతి. రెండూ ఒకే చెట్టు మీద కనిపించే రోజులుంటాయి.

ఒక చెట్టుకు ఒక్క పురుగే తీసుకోండి. తర్వాతి చెట్టు కనీసం ఇరవై ముప్పై అడుగుల దూరంలో ఉండాలి. ఒక తల్లి వందల గుడ్లు పెడుతుంది. ఒకే కొమ్మ మీది ముప్పై పురుగులు తెచ్చుకుంటే ఊరి జనాభా లెక్క అనుకుంటూ ఒకే ఇంటివాళ్లను లెక్కపెట్టినట్టే. చోటుకు, విడతకు 30 చొప్పున లెక్క వేసుకుని, పాడయ్యేవాటి కోసం మరో పది తీసుకోండి.

నిల్వకు 95 శాతం పైబడిన ఇథనాల్ కావాలి. సూర్యారావుపేట మందుల దుకాణాల్లో దొరికే సర్జికల్ స్పిరిట్‌లో వేరే పదార్థాలు కలిసి ఉంటాయి, అది వద్దు. పురుగు ఒంట్లో నీరు ఎక్కువ కాబట్టి సూదితో రెండు చోట్ల గుచ్చి ఆల్కహాల్‌లో వేయండి. మర్నాడు ఆ ఆల్కహాల్ పారబోసి కొత్తది పోయండి. ఈ చిన్న పని చేయక పాడైన నమూనాలు కరెంటు పోయి పాడైన వాటి కంటే ఎక్కువని నా అనుభవం. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండలో కారు డిక్కీలో సీసాలు వదలకండి, మూత సందుల్లోంచి ఆల్కహాల్ ఎగిరిపోతుంది. చీటీ పెన్సిలుతో రాసి సీసా లోపలే వేయండి. బాల్ పెన్ను సిరా ఆల్కహాల్‌లో కరిగి, నలభై సీసాల్లో నలభై తెల్ల చీటీలు తేలడం నేను చూశాను. ఆ సిరా నాదే.

చోటుకు ఇరవై పురుగులను ప్రాణంతో కూడా తెచ్చి లేత టేకాకు మీద పెంచండి. ఎందుకో తర్వాత చెబుతాను.

డీఎన్ఏ తీయడం

ఇది అందరికీ తెలిసిన పనే కాబట్టి ఎక్కువ చెప్పను. గొంగళి పురుగైతే తల, దాని వెనుక కాళ్లున్న భాగం చాలు. రెక్కల పురుగైతే రెండు కాళ్లో, రొమ్ము కండరంలో కొంతో చాలు. పొట్ట భాగం వాడొద్దు. అందులో టేకాకు ఉంటుంది, ఒక్కోసారి పురుగును లోపలి నుంచి తినే ఈగ పిల్ల కూడా ఉంటుంది. దాని డీఎన్ఏ కూడా కలిసి వస్తే మీ పురుగుకు మూడు అల్లీళ్లు కనిపిస్తాయి. ప్రొటినేజ్ కె వేసి 56 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచి, ఉప్పు పద్ధతిలో గానీ కిట్టుతో గానీ తీయండి. మిగిలిన శరీరాన్ని అదే నంబరుతో దాచండి.

చోటుకు అయిదారు పురుగుల్లో బార్‌కోడ్ జన్యువు చదివించి జాతిని నిర్ధారించుకోండి. సీఓఐ జన్యువులోని 658 అక్షరాల ముక్క అది. ఈ వర్గం పురుగులకు లెప్‌ఎఫ్1, లెప్‌ఆర్1 అనే ప్రైమర్లు బాగా పనిచేస్తాయి. అయితే బార్‌కోడ్ చూసి వలసల గురించి తీర్పు చెప్పకండి. అది తల్లి నుంచి మాత్రమే వస్తుంది. వోల్బాకియా అనే బ్యాక్టీరియా ఒక గుంపులో వ్యాపిస్తే దానితోపాటు ఒకే తల్లి వరస బార్‌కోడ్ గుంపంతా పరుచుకోవచ్చు.

ఒక మగ పురుగును చదివించండి

మనుషుల్లో మగవారికి ఎక్స్, వై ఉన్నట్టు ఈ పురుగుల్లో ఆడదానికి జడ్, డబ్ల్యూ అనే వేర్వేరు క్రోమోజోములుంటాయి. మగదానికి రెండూ జడ్‌లే. డబ్ల్యూ నిండా పునరావృతాలే (పదే పదే వచ్చే ముక్కలే) ఉంటాయి కాబట్టి సీక్వెన్సింగ్‌కు మగ పురుగును పంపండి. దానికి ముందు ఎన్‌సీబీఐలో వెతకండి, అది జన్యు సమాచారాన్ని అందరికీ అందుబాటులో ఉంచే భాండాగారం. ఎవరైనా ఈ పురుగు జన్యురాశిని ఇప్పటికే ఉంచి ఉంటే ఆ ఖర్చు మిగులుతుంది.

పట్టుపురుగు జన్యురాశి సుమారు 46 కోట్ల అక్షరాలు. మన పురుగుది కూడా ఆ మేరకే ఉంటుందనుకుంటే, 150 అక్షరాల జంట రీడ్లతో (ఒక్కో ముక్కను రెండు కొసల నుంచి చదివినవి) 500 కోట్ల అక్షరాల డేటా తెప్పిస్తే ఒక్కో చోటును సగటున పది పదకొండు సార్లు చదివినట్టు. మార్కర్లు వెతకడానికి అది చాలు. నమూనాను హైదరాబాదుకు పంపేటప్పుడు ఆల్కహాల్ సీసాలు కొరియర్‌లో వేయకండి, అది మండే సరుకు. డీఎన్ఏను ఆరబెట్టి పంపండి. లేదా ఐసు పెట్టెలో పెట్టుకుని మీరే రాత్రి బస్సెక్కండి. నేను ఎక్కువగా రెండోదే చేశాను.

కంప్యూటర్ దగ్గర ఏరివేత

డేటా రాగానే క్యూడీడీ, మీసా లాంటి ప్రోగ్రాముతో పునరావృతాలు వెతకండి. రెండక్షరాలవి 8 సార్లకు, మూడక్షరాలవి 6 సార్లకు, నాలుగక్షరాలవి 5 సార్లకు తగ్గకుండా హద్దు పెట్టుకోవచ్చు. వేలల్లో వస్తాయి. సంబరపడకండి.

ఒక్కో పునరావృతానికి అటు ఇటు ఉన్న డీఎన్ఏను బ్లాస్ట్ ప్రోగ్రాములో మొత్తం డేటాతో పోల్చండి. ఇంకో చోట పోలిక దొరికితే దాన్ని వదిలేయండి. మినహాయింపులు వద్దు. తర్వాత లోతు, అంటే ఒక్కో చోటును ఎన్నిసార్లు చదివారో, చూడండి. సగటున పదకొండు సార్లు చదివిన డేటాలో ఒక చోటు మీద అరవై రీడ్లు పడ్డాయంటే అది ఒక చోటు కాదు, అయిదారు చోట్లు ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయి. అదీ తీసేయండి. మిగిలినవాటిలో మూడు, నాలుగు అక్షరాలవి ముందు ఎంచుకోండి. రెండక్షరాల వాటికి పీసీఆర్‌లో అసలు శిఖరం (యంత్రం గీసే గ్రాఫులో ముక్క పొడవును చూపేది) పక్కన దొంగ శిఖరాలు మెట్లు మెట్లుగా వస్తాయి, ఏది అసలుదో తేల్చడం కళ్లకు శ్రమ.

ప్రైమర్3 అనే ప్రోగ్రాముతో 48 ప్రైమర్ జతలు గీయండి. ప్రైమర్ పొడవు 18 నుంచి 24 అక్షరాలు, కరిగే ఉష్ణోగ్రత 60 డిగ్రీల దరిదాపుల్లో ఉండాలి. ఉత్పత్తి పొడవులు కొన్ని 100 నుంచి 180, కొన్ని 200 నుంచి 280, కొన్ని 300 నుంచి 380 అక్షరాల మధ్య పడేలా చూసుకుంటే తర్వాత ఒకే గొట్టంలో రెండు మూడు కలిపి నడపవచ్చు.

ఒక పొదుపు చిట్కా. 48 ప్రైమర్లకూ రంగు వేయించాలంటే చేతి చమురు వదులుతుంది. ప్రతి జతలోనూ ముందు వైపు (ఫార్వర్డ్) ప్రైమర్‌కు ఎం13 అనే 18 అక్షరాల తోక చేర్చి తెప్పించండి. ఆ తోకకు సరిపోయే మూడో ప్రైమర్ ఒక్కదానికే రంగు వేయించి, పీసీఆర్‌లో మూడూ కలపండి. 2000లో ప్రచురితమైన పద్ధతి ఇది, ఇప్పటికీ అందరూ వాడుతున్నారు. చివరికి మిగిలిన పన్నెండింటికి మాత్రం నేరుగా రంగు వేయించుకోండి.

బ్యాండు వచ్చినంత మాత్రాన మార్కర్ కాదు

వేర్వేరు చోట్ల నుంచి ఎనిమిది పురుగులు, డీఎన్ఏ లేని ఖాళీ గొట్టం ఒకటి తీసుకుని ప్రతి జతనూ పరీక్షించండి. 52 నుంచి 60 డిగ్రీల వరకు అతుకు ఉష్ణోగ్రత మార్చి చూడండి. 3 శాతం అగరోజ్ జెల్ మీద మసకగా పాకినవి, బ్యాండ్లు (జెల్ మీద కనిపించే డీఎన్ఏ గీతలు) గుత్తులుగా వచ్చినవి అక్కడే పోతాయి. మిగిలినవాటిని ముక్కల పొడవు కొలిచే కేపిలరీ యంత్రానికి పంపండి.

అందమైన శిఖరాలను చూసి మోసపోయే చోటు ఇదే. నా మొదటి ప్రయత్నంలో ఒక జతకు ప్రతి పురుగులోనూ శుభ్రంగా రెండు శిఖరాలు వచ్చాయి. ఎంత వైవిధ్యమో అని మురిసిపోయాం. ఎనిమిదికి ఎనిమిదింటిలోనూ రెండేసి ఎందుకున్నాయని అడగాలన్న ఆలోచన ఆరు నెలల తర్వాత వచ్చింది. అది రెండు అల్లీళ్లు కాదు, డీఎన్ఏలో రెండు వేర్వేరు చోట్లు. అప్పటికే నాలుగు ప్లేట్లు నడిపేశాం.

ప్రాణంతో తెచ్చిన పురుగులు ఇప్పుడు పనికొస్తాయి. పెరిగి రెక్కలొచ్చాక ఒక ఆడ, ఒక మగ పురుగును జతగా పంజరంలో పెట్టండి. తేనె నీళ్లలో తడిపిన దూది, లేత టేకాకు ఉంచండి. అలా మూడు నాలుగు పంజరాలు పెడితే ఒకటైనా గుడ్లు పెడుతుంది. పిల్లలను పెంచి, రెక్కలొచ్చాక ఆడ మగ గుర్తించి, తల్లిదండ్రులతో కలిపి ఇరవై పిల్లలను ప్రతి మార్కర్‌తోనూ చదవండి.

ఒక ఉదాహరణ. తల్లిలో ఒకే శిఖరం, 152 అక్షరాల పొడవు దగ్గర. తండ్రిలో ఒకే శిఖరం, 164 దగ్గర. లెక్క ప్రకారం ప్రతి పిల్లలోనూ 152, 164 రెండూ ఉండాలి. కానీ ఇరవైలో పదింటిలోనే రెండూ ఉన్నాయి, మిగతా పదింటిలో 164 ఒక్కటే ఉంది. తల్లి ఇచ్చిన ముక్క ఏమైంది?

దీనికి రెండు కారణాలుండవచ్చు. ఒకటి, తల్లికి ఉన్న రెండో అల్లీల్ దగ్గర ప్రైమర్ అతుక్కోవడం లేదు. ఉన్నా కనపడదు. దీన్ని శూన్య అల్లీల్ అంటారు. సగం పిల్లలకు ఆ కనపడనిది వెళ్లింది. రెండు, ఈ చోటు జడ్ క్రోమోజోము మీద ఉంది. తల్లికి ఉన్నదే ఒక్క జడ్. అది కొడుకులకు వెళుతుంది. కూతుళ్లకు తల్లి డబ్ల్యూ ఇస్తుంది కాబట్టి వాటిలో తండ్రి 164 ఒక్కటే కనిపిస్తుంది. రెండు కారణాలకూ ఫలితం సగానికి సగమే. తేడా పట్టించేది పిల్లల లింగం. 164 మాత్రమే ఉన్న పదీ ఆడవే అయితే అది జడ్ మీది చోటు. ఆడ మగ కలిసి ఉంటే శూన్య అల్లీల్.

జడ్ మీదిది పూర్తిగా పనికిరానిదేమీ కాదు, మగ పురుగులతో మాత్రం వాడుకోవచ్చు. గొంగళి పురుగుల నమూనాల్లో లింగం తెలియదు కాబట్టి మన పనికి కుదరదు. శూన్య అల్లీళ్లు ఉన్నదాన్ని నేనైతే నిర్మొహమాటంగా తీసేస్తాను. కొద్దిపాటి శూన్య అల్లీళ్లను లెక్కలతో సవరించే ప్రోగ్రాములున్నాయి. కానీ మొదటే తెలిసిన పుచ్చును బుట్టలో వేసుకోవడం ఎందుకు? 48తో మొదలై పదో, పన్నెండో మిగిలితే నిరాశపడకండి. ఈ వర్గం పురుగులకు అది మంచి పంటే.

అందరినీ చదవడం, లెక్క వేయడం

ప్లేటుకు 96 గుంటలు. 88 కొత్త నమూనాలు, మునుపటి ప్లేటు నుంచి మళ్లీ చదివే 6, ప్రతి ప్లేటులోనూ ఉండే తెలిసిన పురుగు ఒకటి, ఖాళీ ఒకటి. ఆ ఆరూ మొదటిసారి వచ్చిన పొడవులే ఇస్తున్నాయా అన్నది మీ తప్పుల శాతాన్ని చెబుతుంది. ఒకే చోటి నమూనాలన్నీ ఒకే ప్లేటులో వేయకండి. అలా వేస్తే యంత్రం ఒకరోజు చేసిన పొరపాటు మీకు జనాభా తేడాలా కనిపిస్తుంది.

జీన్‌పాప్‌తో హార్డీ వైన్‌బర్గ్ సమతుల్యత చూడండి. ఒకే గుంపులో ఎంపిక లేకుండా జతకడితే ఏ అల్లీళ్ల జత ఎన్ని పురుగుల్లో ఉండాలో చెప్పే లెక్క అది. రెండు వేర్వేరు అల్లీళ్లు ఉన్న పురుగులు లెక్క కంటే తక్కువ కనిపిస్తే కారణం ఇలా వెతకండి. ఒకే మార్కర్ అన్ని చోట్లా తక్కువ చూపిస్తే దోషం మార్కర్‌ది. అన్ని మార్కర్లూ ఒకే చోట తక్కువ చూపిస్తే విశేషం ఆ చోటి పురుగులది. అక్కడ రెండు గుంపులు కలిసి ఉండవచ్చు. ఈ రెండోదే మనం వెతుకుతున్న వలస జాడ కావచ్చు. కలనీ ప్రోగ్రాముతో తోబుట్టువులను పట్టి, ఒక్కో ఇంటి నుంచి ఒక్కరినే ఉంచండి.

తర్వాత ఎఫ్ఎస్‌టీ, స్ట్రక్చర్. మొదటిది గుంపుల మధ్య జన్యు తేడా ఎంతో చెప్పే అంకె, రెండోది పురుగులను జన్యు గుంపులుగా విడదీసే ప్రోగ్రాము. ఎఫ్ఎస్‌టీ సున్నాకు దగ్గరగా వస్తే కొండపల్లి, నల్లమల పురుగులు ఒకటేనని వెంటనే రాసేయకండి. ఎగిరే పురుగుల్లో, సంఖ్య లక్షల్లో ఉండే చోట, ఏడాదికి కొద్ది పురుగులు అటు ఇటు మారినా ఆ విలువ అలాగే ఉంటుంది. అందుకే ఒకే చోటి ఏప్రిల్, జూన్ నమూనాల పోలిక ముఖ్యమన్నాను. ఏప్రిల్‌లో కొండపల్లిలో ఉన్న అల్లీళ్ల నిష్పత్తి జూన్‌లో ఒక్కసారిగా మారిపోయి, జూలైలో మళ్లీ మారితే బయటి నుంచి వచ్చినవి ఉన్నాయని గట్టిగా చెప్పవచ్చు. మారకపోతే, మీ పన్నెండు మార్కర్లకు ఆ తేడా పట్టే శక్తి ఉందో లేదో కృత్రిమ డేటాతో పరీక్షించాకే మాట్లాడండి.

మడ చెట్ల సంగతి

ఈ పురుగు టేకును మాత్రమే తినదు. ముంబయి తీరంలో మడ చెట్లను నున్నగా మేసిన సందర్భాలు నమోదయ్యాయి. కృష్ణా నది సముద్రంలో కలిసే నాగాయలంక వైపు కూడా అదే జాతి మడ చెట్లున్నాయి. అక్కడ ఆకు మడతల్లో ఇలాంటి పురుగు దొరికితే తప్పకుండా చోటుకు ముప్పై తెచ్చుకోండి. ముందు బార్‌కోడ్, తర్వాతే మైక్రోసాటిలైట్. టేకు పురుగుల్లో చక్కగా పనిచేసిన ప్రైమర్లు మడ పురుగుల్లో సగం విఫలమైతే పీసీఆర్‌ను తిట్టుకోకండి. రెండూ ఎప్పుడో విడిపోయాయేమోనన్న అనుమానానికి అది మొదటి ఆధారం. వెళ్లేటప్పుడు అక్కడి జాలరులను అడిగి పాటు వేళకు బయలుదేరండి. పోటు మొదలయ్యాక మోకాటి లోతు బురదలో ఆల్కహాల్ సీసాల సంచీతో గట్టుకు చేరడానికి గంట పైగా పడుతుంది.